గుడిబడి పంతులమ్మలు

తెలుగు స్త్రీల విద్య గురించి రాయాల్సి వస్తే మనం అలవాటుగా 1874 దగ్గర మొదలుపెడతాం. ఆ ఏడాది కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. ఆ ఏడాదే భండారు అచ్చమాంబ పుట్టింది. అక్కణ్ణించి పత్రికలు, స్త్రీ సమాజాలు, వితంతు వివాహాల మీదుగా కథ సాగిపోతుంది. ఈ కథలో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఇది ఊరి కథ. కృష్ణకు దక్షిణాన మా వైపు ఊరు వేరు, పల్లె వేరు. పల్లె అంటే మాలపల్లె, మాదిగపల్లె. ఊరి బడి అరుగు మీదికి పల్లె పిల్లల్ని ఎక్కనివ్వని రోజుల్లో, పల్లెలో ఆడపిల్ల పలక పట్టుకున్న కథ మరోచోట మొదలైంది.

ఆ చోటుని మావాళ్ళు గుడిబడి అనేవారు. మట్టిగోడలు, తాటాకు కప్పు ఉన్న ఒకే ఒక గది. వారంలో ఐదారు రోజులు బడి, ఆదివారం గుడి. బడి బల్లే ఆదివారం నాడు తెల్లగుడ్డ పరిస్తే ప్రభువు బల్ల అయ్యేది. బోధించే పంతులే ఉపదేశి. ఆయన భార్య పంతులమ్మ. ఇలాంటి చిన్న ప్రొటెస్టెంటు ప్రాథమిక పాఠశాలలు కోస్తా జిల్లాల్లోనూ రాయలసీమలోనూ తెలంగాణలో కొన్నిచోట్లా పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి పల్లెపల్లెనా లేచాయి. మా అమ్మమ్మ, అమ్మ ఇద్దరూ అటువంటి బడిలో చదువు చెప్పినవాళ్ళే. నేను ఐదో తరగతి దాకా అక్కడే చదివాను. చరిత్ర విద్యార్థినిగా ఆ బడి వైపు తిరిగి చూస్తే నన్ను వేధించే ప్రశ్న ఒకటే. 'మిషను బడి విలువలు' అని మనం ఒక్క మాటలో అనేస్తామే, వాటిని రోజూ చేతల్లో పెట్టిందెవరు? వాటి ఖరీదు ఎవరు కట్టారు?

ప్రొటెస్టెంటులు ఎక్కడికెళ్ళినా బడి పెట్టడం వెనక ఆ మతం పుట్టుకే ఉంది. దేవుడికీ మనిషికీ నడుమ పూజారి అక్కర్లేదు, గ్రంథం చాలు అన్నాక ఆ గ్రంథం చదవడం అందరికీ రావాలి కదా. 1524లో మార్టిన్ లూథర్ జర్మనీ పట్టణాల పాలకులకు రాసిన బహిరంగ లేఖలో మగపిల్లలతో పాటు ఆడపిల్లలకూ బడులు పెట్టమన్నాడు. ఎందుకు అన్నదానికి కూడా ఆయనే జవాబిచ్చాడు. మగవాడి చదువు దేశాన్ని నడపడానికట, ఆడదాని చదువు ఇల్లూ పిల్లల్నీ సరిగా చూసుకోడానికట. అక్షరం అందరిదీ అన్న మాట ఒకటి, ఆడదాని అక్షరం ఇంటిదీ అన్న మాట ఒకటి. ఈ రెండూ విడిపోకుండా సముద్రాలు దాటి మా పల్లె గుడిబడి దాకా వచ్చాయి.

రావడం మాత్రం తిన్నగా పల్లెకు రాలేదు. 1805లో లండన్ మిషను విశాఖపట్నం చేరింది. 1840లో అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులో స్థిరపడ్డారు. 1841లో చర్చి మిషనరీ సొసైటీ తరఫున ఫాక్స్, నోబుల్ మచిలీపట్నంలో దిగారు. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు వచ్చాడు. నోబుల్ 1843లో మచిలీపట్నంలో పెట్టిన బడి పై కులాల అబ్బాయిల్ని దృష్టిలో పెట్టుకున్నది. పైవాళ్ళు కదిలితే కిందివాళ్ళు వాళ్ళంతట వాళ్ళే కదులుతారని అప్పటి నమ్మకం. దశాబ్దాలు గడిచినా పైవాళ్ళు పెద్దగా కదలలేదు. కదిలినవాళ్ళు మాలలు, మాదిగలు.

బాప్టిస్టుల చరిత్రలో ఒంగోలు కొండ మీది ప్రార్థన గురించి చెప్పుకోని ఏడాది ఉండదు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ కొండెక్కి ప్రార్థించినవాళ్ళు ఐదుగురు. మిషనరీ జ్యూయెట్, ఆయన భార్య, నర్సు అనే తెలుగు క్రైస్తవుడు, ఇక జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు. అయిదుగురిలో ముగ్గురు ఆడవాళ్ళు. జూలియా నెల్లూరు మిషను బడిలో చదువుకున్న పిల్ల. ఇప్పుడు మాత్రం ఆ కొండ కథ చెప్పేవాళ్ళు జ్యూయెట్ దొరగారి దర్శనం గురించి చెబుతారు, జూలియా గురించి చెప్పరు.

ఇలాంటిదే మరో సంగతి. 1866లో ఒంగోలు వచ్చిన జాన్ క్లౌ, ఆయన భార్య హ్యారియట్ బడి తెరిస్తే మొదట పై కులాల పిల్లలు వచ్చారు. ఆ కాలంలోనే తాళ్ళకొండపాడు నుంచి ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ వచ్చాడు. పేరయ్య వెనక అతనివాళ్ళు వచ్చారు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రాం అని పై కులాలవాళ్ళు తేల్చి చెప్పారు. ఏం చెయ్యాలో తోచక భార్యాభర్తలిద్దరూ వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని మొదటి అధ్యాయమే కళ్ళ పడిందని, లోకం నీచంగా చూసేవాళ్ళను దేవుడు ఏర్పరచుకుంటాడన్న భాగం అదని క్లౌ తర్వాత చెప్పుకున్నాడు. మాదిగలు ఉండిపోయారు. పై కులాల పిల్లలు బడి మానేశారు. దీన్ని చరిత్ర 'క్లౌ దొర నిర్ణయం' అంటుంది. పక్క గదిలో అదే పేజీ చదివిన హ్యారియట్ ఆ నిర్ణయంలో సగం అన్న మాట ఎక్కడా వినపడదు. ఆ సగం సంగతి మనం గుర్తు పెట్టుకుంటే, ఒక బడి పై కులాల ఫీజు డబ్బుల్నీ పరపతినీ వదులుకుని పల్లె పిల్లల్ని ఉంచుకున్న ఆ క్షణమే మా గుడిబడి విలువలకి పునాది అనాలి.

తర్వాత 1876–78 కరువు వచ్చింది. కూలి కోసం క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. మట్టి తట్టలు మోసిన ఆడామగా, అక్కడే పేరయ్యలాంటి తెలుగు బోధకుల మాటలు విన్నారు. కరువు తగ్గాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకెను మిషను పుస్తకాలన్నీ గర్వంగా రాసుకున్నాయి. ఆ మర్నాటి నుంచి వీళ్ళందరికీ చదువు చెప్పేదెవరు అన్నది అసలు సమస్య. రామాపట్నంలో 1872లో పెట్టిన సెమినరీలో చదవడానికొచ్చిన మగవాళ్ళతో పాటు భార్యలు కూడా తరగతుల్లో కూర్చున్నారు. వాళ్ళే పల్లెలకు పంతులమ్మలై వెళ్ళారు. అటు అమెరికాలో బాప్టిస్టు స్త్రీలు 1871లో తమకంటూ మిషనరీ సంఘాలు పెట్టుకుని, పెళ్ళికాని ఆడవాళ్ళను టీచర్లుగా డాక్టర్లుగా పంపడం మొదలుపెట్టారు. మా దొరసానులు అలా వచ్చినవాళ్ళు. తమ దేశంలో చర్చి వేదిక ఎక్కడానికి వీల్లేని ఆడవాళ్ళు, ఇక్కడ జిల్లాలో సగం బడులకు మేనేజర్లయ్యారు.

ఒంగోలు ప్రాంతంలో కొత్తగా చేరినవాళ్ళకు క్లౌ పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. బడిలో పిల్లలు మొదట నేర్చుకున్న విలువలు కూడా ఇవే. చూడ్డానికి ఇవి మతం కట్టుబాట్లలా కనిపిస్తాయి. పల్లెలో నిలబడి చూస్తే మూడూ ఊరితో తగాదాలే. ఆదివారం పనికి రాం అనడం అంటే వెట్టి పిలుపుకి ఎదురు చెప్పడం. చచ్చిన గొడ్డుని ముట్టం అనడం అంటే ఊరి కళేబరాలు ఎత్తే పని మాది కాదు అనడం. విగ్రహాలకు మొక్కం అనడం అంటే జాతరలో డప్పు కొట్టం అనడం. వారానికొక రోజు తన ఒంటి మీద తనకే హక్కు ఉందన్న మాట మా పూర్వీకులకు చెప్పింది ఆ మొదటి నియమమే. మేడే గురించి వాళ్ళకు తెలియడానికి చాలా ముందు సంగతి ఇది.

అయితే ఆడవాళ్ళ వైపు నుంచి లెక్కేస్తే ఈ మూడింటికీ రెండో పద్దు ఉంది. ఆదివారం కూలికి పోకపోతే ఆ పూట పొయ్యి ఎట్లా వెలిగించాలన్నది ఆడదాని బాధ. గొడ్డు మాంసం ముక్కలు కోసి, ఎండబెట్టి, కరువు నెలలకు దాచిపెట్టింది ఆడది. ఆ తిండిని పాపం అన్నవాళ్ళు దాని బదులు మరో తిండి చూపించలేదు. మూడో నియమంతో మాతంగి కూడా పోయింది. మాతంగి మాదిగ స్త్రీ. పూనకంలో ఊరి పెద్దల మీద ఉమ్మి, బూతులు తిట్టినా వాళ్ళు తలొంచి నిలబడాలి. ఆ ఆచారంలో స్త్రీ శరీరాన్ని ఊరికి రాసిచ్చే హింస ఉంది. ఏడాదికొకసారైనా దొరల మీద ఉమ్మే అధికారం కూడా ఉంది. బడి ఆ హింస నుంచి తప్పించింది. ఆ అధికారాన్ని కూడా అంధవిశ్వాసం ఖాతాలో రాసేసింది. రెండింటినీ కలిపి చెప్పకపోతే చరిత్ర అబద్ధమైపోతుంది.

ఈ మాతంగి గురించి మొదట వివరంగా రాసినవాళ్ళలో ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఒకరు. తెలుగు మిషనుకు టీచరుగా వచ్చి, తర్వాత క్లౌని పెళ్ళాడిన ఈమె 1899లో మాదిగల కథలతో 'వైల్ సోయింగ్ శాండల్స్' పుస్తకం తెచ్చింది. దానికి ఏడాది ముందు ఆమె అచ్చువేసిన పుస్తకం మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద. స్త్రీకి బుద్ధి ఉంది, ఆ బుద్ధికి తగ్గ చదువు ఆమె హక్కు అని 1792లోనే వాదించిన రచయిత్రి మీద పరిశోధన చేసిన మనిషి ఒంగోలు బంగళాలో ఉండేదన్నమాట. అదే కాలంలో మిషను రిపోర్టులు బాలికల బోర్డింగుకి చందా అడిగేటప్పుడు చెప్పిన కారణం మాత్రం, బోధకులకు తగిన భార్యల్ని తయారుచెయ్యాలని. వుల్‌స్టన్‌క్రాఫ్ట్ ఒంగోలు దాకా వచ్చింది కానీ సిలబసులోకి రాలేదు.

ఇక బడి లోపలికి వద్దాం. అమ్మ చెప్పిన దాన్నిబట్టీ నేను చూసిన దాన్నిబట్టీ రోజు ఇలా గడిచేది. వేలాడదీసిన రైలుపట్టా ముక్క మీద మేకుతో కొడితే గంట. ప్రార్థన, ఒక కీర్తన. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి కర్ణాటక రాగాల్లో కట్టిన కీర్తనల్ని, ఆ రాగాల్ని గుమ్మం బయట నిలబడి కూడా వినే వీల్లేని పల్లె పిల్లలు గొంతెత్తి పాడేవారు. తర్వాత కంఠత వాక్యం. తర్వాత గోళ్ళు, జుట్టు, చెవులు చూడ్డం. ఆపైన ఎక్కాలు, వాచకం. ఇన్‌స్పెక్టరు వస్తే చూపించాల్సినవి ఇవే కాబట్టి అక్కడ బైబిలు గంట ఎంత ఖచ్చితమో, లెక్కల గంట కూడా అంతే ఖచ్చితం. 1854 విద్యా తాఖీదు తర్వాత వచ్చిన సర్కారు గ్రాంటు ఈ క్రమశిక్షణకి రెండో తండ్రి.

శుభ్రత ఆ బడిలో దేవుడి తర్వాతి స్థానం. శుభ్రంగా ఉండండి అని పల్లెకు చెప్పినవాళ్ళు ఊరి బావిలో పల్లెకు చేద వెయ్యనివ్వరన్న సంగతి పాఠంలో చెప్పలేదు. నీళ్ళు చెరువు నుంచో దూరం గుంట నుంచో రావాలి. తెచ్చేది ఆడపిల్లలు. మగపిల్లాడి చొక్కా తెల్లగా ఉండాలంటే వాడి అక్క ఇంకో బిందె మొయ్యాలి. మా అమ్మమ్మ దీనికి తనకు తోచిన ఉపాయం ఒకటి చేసింది. బడి కుండకు నీళ్ళు తెచ్చే వంతు మగపిల్లలకే వేసింది. "ఆడపిల్లలు ఇంట్లో ఎట్టాగూ మోస్తన్నారు, బళ్ళోనన్నా కూచోనియ్యండి" అనేదట. ఏ మిషను మాన్యువల్లోనూ లేని ఈ నియమం మా బడిలో అమ్మ రిటైరయ్యే దాకా నడిచింది. బడి విలువలు పల్లె ఆడవాళ్ళ చేతల్లో తయారయ్యాయి అని నేను అనేది ఇలాంటివి చూసే.

రెండోది పేరు. పల్లె ఆడపిల్లకు ఊరు పెట్టిన పేరు 'ఒసేవ్', 'ఏమే'. రిజిస్టరులో మాత్రం రూతమ్మ, సలోమి, ఎస్తేరు, మార్తమ్మ, సువార్తమ్మ. రోజూ పొద్దున్నే ఆ పేరు పూర్తిగా పిలవాలి, పిల్ల లేచి నిలబడి పలకాలి. ఊళ్ళోంచి ఒక ఆసామి కలుపు కూలికి పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చి గుమ్మంలో నిలబడి కేకేస్తే, అమ్మమ్మ రిజిస్టరు తెరిచి "ఆ పేరుగల పిల్ల ఇందులో లేదండీ" అని చెప్పి పంపేదని అమ్మ నవ్వుతూ చెబుతుంది. ఆ రోజుల్లో పల్లె పంతులమ్మ ఊరి ఆసామికి అంతకంటే గట్టిగా చెప్పడానికి వీల్లేదు. ఆ మాత్రమే చాలా ఎక్కువ.

మూడోది కథలు చెప్పే తీరు. రూతు కథను గుడిలో అయ్యగారు కోడలి విధేయతకు ఉదాహరణగా చెప్పేవారు. అమ్మమ్మ అదే కథను బళ్ళో ఇద్దరు విధవరాళ్ళు పొట్ట పోసుకోడానికి పరిగె ఏరుకున్న కథగా చెప్పేది. తెలుగు బైబిల్లో ఆ మాట పరిగె అనే ఉంది. వరికోతలయ్యాక మా పల్లె ఆడవాళ్ళు వంగి ఏరుకునేదీ పరిగే. పేదలకోసం పరిగె వదిలెయ్యాలని దేవుడు చట్టం చేశాడు కాబట్టి ఏరుకోవడం దొంగతనం కాదని ఆమె గట్టిగా చెప్పేది. పరిగె ఏరేవాళ్ళను కర్రతో తరిమే ఊళ్ళో ఎనిమిదేళ్ళ పిల్లకు ఆ చట్టం సంగతి తెలియడం చిన్న విషయం కాదు. ఒకే గ్రంథం, ఒకే గది. ఆదివారం పురుషుడి నోట అది విధేయత, సోమవారం స్త్రీ నోట హక్కు.

మధ్యాహ్నం ఆడపిల్లలకు కుట్టుపని, మగపిల్లలకు తోటపని. కుట్టుపని గురించి స్త్రీవాదులుగా మనం మర్చిపోకూడని ఉదాహరణ గోదావరి డెల్టాలో ఉంది. నర్సాపురం లేసు పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీ కుటుంబాల స్త్రీలు పేద క్రైస్తవ స్త్రీలకు నేర్పిన పని. మరియా మీస్ 1982లో అచ్చయిన 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్'లో ఆ పని కాపు స్త్రీల ఇళ్ళలోకి ఎట్లా పాకిందో, విదేశాలకు ఎగుమతయ్యే సరుకు తయారుచేసేవాళ్ళను 'ఇంట్లో ఖాళీగా కూచుని కుట్టుకునే గృహిణులు' అన్న పేరుతో ఎట్లా కారుచవక కూలీల్ని చేశారో విప్పి చూపించింది. సూది చేతికివ్వడం ఉపకారమే. ఆ సూదిపనిని శ్రమ అనకుండా స్త్రీ సద్గుణం అనడం దగ్గర మోసం ఉంది. గుడిబడిలో లూథర్ రెండో మాట, ఆడదాని చదువు ఇంటిదీ అన్న మాట, ఈ కుట్టు గంటలో నిలబడి ఉండేది.

జీతం దగ్గర కూడా ఆ మాటే ఉంది. అమ్మమ్మ పదకొండేళ్ళు చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించింది, కుట్టు నేర్పింది, సాయంత్రం ఆడవాళ్ళను కూచోబెట్టి చదివించింది. ఆ పదకొండేళ్ళూ జీతం తాతయ్య ఒక్కడిదే. కాగితాల్లో ఆమె 'ఉపదేశిగారి భార్య'. జీతం కూడా పూర్తిగా డబ్బు రూపంలో వచ్చేది కాదు. కోత పండగనాడు పల్లె ఆడవాళ్ళు పిడికెడు పిడికెడు దాచి తెచ్చిన బియ్యం, గంపలో గుడ్లు, ఒక కోడిపెట్ట అందులో భాగం. అంటే బడిని నిలబెట్టింది అమెరికా చందా ఒక్కటే కాదు, తాము ఒక ముద్ద తక్కువ తిన్న కూలి ఆడవాళ్ళు కూడా. తాతయ్య పోయాక అమ్మమ్మ ట్రైనింగుకి వెళ్ళి వచ్చి తన పేరు మీద ఉద్యోగం తెచ్చుకుంది. తొలి జీతం అందుకున్న రోజు ఆమె సంతకం చేస్తూ ఇంటిపేరు పూర్తిగా రాసిందట. వేలిముద్రల పల్లెలో, తన పేరుతో వచ్చిన డబ్బుకి తనే సంతకం పెట్టిన మొదటి ఆడమనిషి ఆమె.

ఆ సంతకం వెంట బరువొకటి కూడా వచ్చింది. పంతులమ్మ గట్టిగా నవ్వకూడదు, పూలు పెట్టుకోకూడదు, వీధిలో నిలబడి మాట్లాడకూడదు, పెళ్ళిపాట పాడకూడదు. ఊరు పల్లె ఆడవాళ్ళ శీలం గురించి ఏం కూసేదో మనకు తెలుసు. ఆ కూతకు జవాబుగా మిషను పల్లె ఆడదాని మీద రెండింతల మర్యాద మోపింది. తప్పు జరిగితే లెక్క తేల్చేది కూడా ఆమె దగ్గరే. నేను చదివిన ఒక బోర్డింగులో పదో తరగతి అమ్మాయి గర్భవతి అయితే ఆమెను ట్రంకుపెట్టెతో సహా రాత్రికి రాత్రి ఇంటికి పంపేశారు. అబ్బాయి పరీక్ష రాశాడు, తర్వాత సంఘంలో పెద్ద కూడా అయ్యాడు. క్షమాపణ గురించి అన్ని పాఠాలు చెప్పిన చోట ఆ పిల్లకు క్షమాపణ దొరకలేదు. గిడ్ల సుజాత 2017లో తెచ్చిన 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' చదివినప్పుడు ఇదంతా మళ్ళీ గుర్తొచ్చింది. కెనడా మిషనరీల బడుల వల్ల చదువుకున్న కుటుంబం, విప్లవకవి శివసాగర్‌గా మనకు తెలిసిన సత్యమూర్తిని ఇచ్చిన కుటుంబం. అదే కుటుంబంలో ఆయన చెల్లెలు మంజుల ఉద్యోగం చేసి ఇల్లు పోషిస్తూ కూడా అన్నల మాటకీ అత్తింటి కట్టుబాటుకీ ఎంత లొంగాల్సి వచ్చిందో ఆమె కూతురు దాచకుండా రాసింది. అక్షరం కులాన్ని ఎదిరించినంత సూటిగా ఇంట్లో మగవాణ్ణి ఎదిరించలేదు.

సమానత్వం అన్న విలువకీ ఒక గోడ ఉండేది. దేవుని ఎదుట అందరూ ఒక్కటే అన్న మాట నిజంగా ఒకే చాప మీద కూచోబెట్టింది. ఏ పిల్ల అయినా ఒకే కుండలో నీళ్ళు ముంచుకుంది. కానీ ఏ చాప? ఒంగోలు బాప్టిస్టుల్లో ఎక్కువమంది మాదిగలు, గుంటూరు లూథరన్లలో ఎక్కువమంది మాలలు. మిషన్లు జిల్లాలు పంచుకున్నట్టే కులాలూ పంచబడ్డాయి. ఒకే ఊరికి రెండు పల్లెలు, రెండు గుడిబడులు, రెండు కీర్తనల గొంతులు ఉన్నచోట ఈ పల్లె పంతులమ్మ ఆ పల్లె పంతులమ్మతో వియ్యమందిన సందర్భాలు అరుదు. దొరలు వెళ్ళిపోయాక బంగళాలూ పదవులూ వాళ్ళ చోట కూచున్న మగవాళ్ళ మధ్య తగువులయ్యాయి. ఆ తగువుల్లో పంతులమ్మలకు ఓటు కూడా చాలాకాలం లేదు. 2013లో నంద్యాల డయాసిస్‌కి పుష్పలలిత బిషప్ అయినప్పుడు, దక్షిణ ఇండియా సంఘంలో ఆమే మొదటి స్త్రీ బిషప్. ఆ సంఘం ఏర్పడింది 1947లో. అరవై ఆరేళ్ళు పట్టింది.

గుడిబడి అన్నిటికన్నా గట్టిగా నేర్పిన విలువ, నిజం చెప్పాలి అన్నది. రాజ్యం దాన్నే అన్నిటికన్నా కష్టం చేసింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల జాబితాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచింది. క్రైస్తవులకు తెరవలేదు. ఆంధ్రప్రదేశ్‌లో మతం మారిన దళితులకు బీసీ-సి కింద 1 శాతం రిజర్వేషను మిగిలింది. దాంతో ఏమైందో పల్లెలో అందరికీ తెలుసు. గుడి రిజిస్టరులో ఎస్తేరు, బడి రిజిస్టరులో ఇంకో పేరు. ఆ రెండో పేరు రాసింది ఎవరు? అడ్మిషను వేసే పంతులమ్మే. పిల్లకు పొద్దున్న అబద్ధం ఆడరాదు అని కంఠతా పట్టించిన చెయ్యే, మధ్యాహ్నం ఆ పిల్ల భవిష్యత్తు కోసం గడిలో మరో పేరు రాసింది. ఊరు మాత్రం పేరేదైనా పల్లెను పల్లెలాగే చూసింది, గుడికి పోయినంత మాత్రాన గ్లాసు మార్చలేదు. ఈ ఇరకాటంలో అమ్మ ఎన్ని రాత్రులు నిద్రపోలేదో నాకు తెలుసు. ఆమె తప్పు చేసిందని ఎవరైనా అంటే, ఆ తప్పు చెయ్యక తప్పని గడి గీసినవాళ్ళను ముందు అడగమంటాను.

ఇప్పుడు ఆ బడులు ఒక్కొక్కటే మూతబడుతున్నాయి. ఎయిడెడ్ పోస్టులు ఖాళీ అయితే నింపకుండా ఏళ్ళు గడిచాయి. పిల్లలు ఇంగ్లీషు మీడియం బస్సెక్కారు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థల్ని ఆస్తులతో సహా అప్పగించండి, లేదా గ్రాంటు లేకుండా మీరే నడుపుకోండి అన్నప్పుడు చాలా బడుల టీచర్లు సర్కారు బడులకు బదిలీ అయ్యారు. విశాఖపట్నంలో తల్లిదండ్రులు రోడ్డెక్కారు. ఆ గొడవ తర్వాత ప్రభుత్వం ఒప్పుకోలు వెనక్కి తీసుకునే వీలు ఇచ్చింది. కానీ ఒంటి గది బడికి అప్పటికే తాళం పడితే, మళ్ళీ తీసేవాళ్ళు లేరు. రోడ్డు పక్క స్థలానికి ధర పెరిగిన చోట ఆ గది కూడా లేదు.

బడి పోవడం కన్నా నన్ను కలవరపెట్టేది దాంతో పోయే కాగితాలు. హాజరుపట్టీలు, అడ్మిషను పుస్తకాలు, ఇన్‌స్పెక్టరు రిమార్కులు, కుట్టుపని సామాను లెక్కలు. మిషను వాళ్ళ రిపోర్టులు అమెరికా లైబ్రరీల్లో భద్రంగా ఉన్నాయి. పంతులమ్మ రాసినవి బీరువాలో చెదలు తింటున్నాయి. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ పోరాట స్త్రీల దగ్గర కూచుని వాళ్ళ మాటలు రికార్డు చేసి, ఎవరూ అడగని చోట చరిత్ర ఎంత ఉందో చూపించింది. 2003లో గోగు శ్యామల సంకలనం చేసిన 'నల్లపొద్దు' దళిత స్త్రీల రాతకి ఎంత వెనకటి చరిత్ర ఉందో చూపించింది. ఆ రాతలకు అక్షరాలు దిద్దించిన చేతుల చరిత్ర ఇంకా మిగిలి ఉంది. ఎనభై దాటిన పంతులమ్మలు ఒకరిద్దరైనా ప్రతి పల్లెలోనూ ఉన్నారు. వాళ్ళను మిషనరీల గురించి అడిగితే మిషనరీల గురించే చెబుతారు, అది వాళ్ళకు నేర్పిన మర్యాద. కుండకు నీళ్ళు ఎవరు తెచ్చేవారు, జీతం ఎవరి చేతికిచ్చేవారు, ఏ పేరు ఏ గడిలో రాశారు అని అడగాలి.

మా బడి పాత జీతాల పుస్తకం ఒకటి నా దగ్గరుంది. మొదటి పేజీల్లో ఒకే సంతకం, తాతయ్యది. చాలా పేజీల తర్వాత, రెవిన్యూ స్టాంపు మీద, వంకర్లు లేని గుండ్రటి అక్షరాలతో అమ్మమ్మ సంతకం మొదలవుతుంది. అంతకు ముందు పదకొండేళ్ళ పేజీల్లో ఆమె లేదు. కానీ ఆ పదకొండేళ్ళలో ఆమె దగ్గర అ ఆలు దిద్దుకున్న పిల్లల పేర్లు హాజరుపట్టీలో వరసగా ఉన్నాయి.